చేతికందిన పైకం వెనుకకు మళ్ళినప్పుడు

చెక్కు చెల్లక తిరిగివచ్చే బాధ మన వర్తకులకు కొత్త కాదు. దానికి విరుగుడుగా నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలో 138వ సెక్షను 1989 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన సంగతీ చాలమందికి తెలుసు. ఇంటర్నెట్ ద్వారా సరుకు అమ్మేవారికి ఎదురయ్యే ఇబ్బంది మాత్రం వేరొక తరహాది. ఇక్కడ పైకం ముందే ఖాతాలో జమ అవుతుంది. సరుకు బయలుదేరి వెళ్తుంది. ఆ పైకంతో మీరు నూలు కొంటారు, మగ్గం కూలి చెల్లిస్తారు. నెలో, రెండు నెలలో గడిచిన తరువాత, కార్డు సొంతదారు "ఈ చెల్లింపు నేను చేయలేదు" అని తన బ్యాంకుకు ఫిర్యాదు చేయగా, ఆ మొత్తం మీ జమ నుండి వెనుకకు పోతుంది. దీనినే ఛార్జ్‌బ్యాక్ అంటారు. పైగా గేట్‌వే సంస్థ తన రుసుమును కూడ మీవద్దనే వసూలు చేయవచ్చును. సరుకు పోయె, సొమ్ము పోయె, దానిపై రుసుము; గోరుచుట్టుపై రోకటిపోటన్న మాట.

అలాగని ఈ ఏర్పాటును తప్పు పట్టనక్కరలేదు. కార్డు దొంగిలింపబడినవాడు నష్టపోరాదన్నది దీని ఉద్దేశం. అమెరికాలో 1974లోనే ఇందుకొక చట్టం వచ్చింది. మన దేశంలో 2017 జూలై 6న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, మూడవ వ్యక్తి మోసం వలన జరిగిన అనధికార లావాదేవీని బ్యాంకు నుండి సమాచారం అందిన మూడు పనిదినాలలోపు తెలియజేసిన ఖాతాదారుపై ఎట్టి భారమూ పడదు. మీరూ ఒక ఖాతాదారులే గనుక ఈ రక్షణ మీకూ అవసరమే. వర్తకునిగా మీరు చేయవలసినదల్లా, ఆ నష్టం అన్యాయంగా మీ నెత్తిన పడకుండా చూసుకోవడం.

ఒక ఉదాహరణ చూద్దాము. మంగళగిరిలో నేతచీరలు అమ్మే వర్తకునికి అమెరికాలోని తెలుగువారి నుండి ఆర్డర్లు వస్తుంటాయి. హైదరాబాదులో జారీ అయిన కార్డుతో కొన్నవారి విషయంలో ఆయనకు చిక్కులు తక్కువ. ఎందుకనగా 2009 ఆగస్టు 1 నుండి మన దేశంలో ఇంటర్నెట్ ద్వారా చేసే కార్డు చెల్లింపులకు రెండవ ధ్రువీకరణ తప్పనిసరి చేయబడింది. నేడు మనకు ఫోనులో వచ్చే ఓ.టి.పి. ఆ కోవలోనిదే. విదేశాలలో జారీ అయిన కార్డులకు ఈ నిబంధన వర్తించదు. కార్డుపై ఉన్న అంకెలు తెలిసినవాడెవడైనా కొనగలడు. కావున విదేశీ ఆర్డర్లు తీసుకునేవారు తమ గేట్‌వే సంస్థను ముందుగా అడగవలసిన ప్రశ్న ఒక్కటే: "విదేశీ కార్డులకు త్రీ-డి సెక్యూర్ ధ్రువీకరణ అమర్చారా?" ఈ ధ్రువీకరణ పూర్తియైన చెల్లింపు విషయంలో, అనధికారమన్న కారణంపై వచ్చే నష్టం సాధారణంగా కార్డు జారీ చేసిన బ్యాంకుకు మళ్ళుతుంది. అది లేనిచోట వర్తకుడే భరించవలసి వస్తుంది. ఇంత ముఖ్యమైన సంగతిని మన వర్తకులు తరచు నష్టపోయిన తరువాతనే అడగడం విచారకరం.

ఛార్జ్‌బ్యాక్ నోటీసు వచ్చినపుడు కంగారుపడి కొనుగోలుదారుకు వేరే మార్గంలో సొమ్ము పంపకండి. ఆ విధంగా పంపినచో ఒకే సరుకుకు రెండుమార్లు చెల్లించినట్లవుతుంది. నోటీసులో కారణము, గడువు తేదీ ఉంటాయి. గడువు కొద్ది రోజులు మాత్రమే. అది దాటితే మీ వాదన ఎంత న్యాయమైనదైనా వినేవారుండరు. మౌనంగా ఉండడం ఒప్పుకోవడమే అవుతుంది.

కారణాన్ని శ్రద్ధగా చదవండి. చాలమంది పొరబడేది ఇక్కడే. "సరుకు అందలేదు" అన్న ఫిర్యాదుకు బట్వాడా రసీదు తగిన జవాబు. "నేను కొనలేదు" అన్న ఫిర్యాదుకు అది చాలదు. దొంగ కూడ సరుకును చక్కగా సంతకం చేసి అందుకోగలడు గదా! కార్డు సొంతదారే కొన్నాడని చూపే ఆధారాలు కావాలి. అదే కార్డుతో లోగడ కొని ఏ అభ్యంతరమూ చెప్పని ఆర్డర్లు, అదే చిరునామాకు పంపిన పార్సెళ్ళు, కొలతల గురించో రంగు గురించో ఆయన వ్రాసిన ఈమెయిళ్ళు, వాట్సాప్ సందేశాలు, ఆర్డరు వచ్చిన ఐ.పి. చిరునామా, ఇవన్నీ పనికివస్తాయి. వీసా సంస్థ 2023 ఏప్రిల్ నుండి ఈ పద్ధతికి ఒక కొలత ఏర్పరచింది. ఫిర్యాదుకు 120 రోజుల నుండి 365 రోజుల వెనుకటివై, వివాదం లేని రెండు లావాదేవీలను చూపాలి. వాటిలోనూ, వివాదపడిన దానిలోనూ ఐ.పి. చిరునామా, పరికరపు గుర్తు, లాగిన్ పేరు, బట్వాడా చిరునామాలలో కనీసం రెండు ఒకటే కావాలి; ఆ రెండింటిలో ఒకటి ఐ.పి. చిరునామాగాని పరికరపు గుర్తుగాని అయి ఉండాలి. అట్లయిన బాధ్యత వర్తకునిపై నుండి తొలగుతుంది. సంవత్సరం పాటు ఆర్డర్ల రికార్డు భద్రపరచమని చెప్పేది ఇందుకే. కార్డు నంబరు మాత్రం వ్రాసి ఉంచకండి. వర్తకులు దానిని నిలవచేయడం 2022 అక్టోబరు 1 నుండి నిషిద్ధం.

నిజంగా దొంగ కార్డే అని మీకే తోచినపుడు పోరాడి ప్రయోజనం లేదు. చివరి మెట్టు వరకు వెళ్ళి ఓడినవారు కార్డు సంస్థకు వందల డాలర్ల రుసుము చెల్లించవలసి ఉంటుంది. రెండువేల రూపాయల చీరకు అది తగిన పని కాదు.

కొన్నిసార్లు దొంగ ఎవరూ ఉండరు. ఇంట్లో కుమారుడు తండ్రి కార్డుతో కొంటాడు. లేక స్టేట్‌మెంటులో మీ దుకాణం పేరుకు బదులు ఎవరికీ తెలియని సంస్థ పేరు పడుతుంది. మీ దుకాణం పేరే కనిపించేటట్లు గేట్‌వే సంస్థకు ఒక ఉత్తరం వ్రాస్తే కొన్ని ఫిర్యాదులు పుట్టకుండానే పోతాయి.

అనుమానించవలసిన ఆర్డర్లకు కొన్ని గుర్తులున్నాయి. ఎన్నడూ కొననివాడు ఒకేసారి పెద్ద మొత్తానికి కొనడం, వరుసగా నాలుగైదు కార్డులు విఫలమై చివరిదొకటి చెల్లడం, బేరమాడకుండా తొందరపెట్టడం. ముఖ్యంగా "పొరపాటున ఎక్కువ పంపాను, మిగతాది ఈ నంబరుకు పంపండి" అనేవాని మాట నమ్మకండి. సొమ్ము వచ్చిన దారినే వెనుకకు పంపాలి, మరొక ఖాతాకు కాదు. అనుమానం కలిగిన ఆర్డరును ఒకరోజు ఆపి ఫోనులో మాట్లాడడంలో తప్పులేదు. నిజమైన కొనుగోలుదారు అర్థం చేసుకుంటాడు.

ఇక యు.పి.ఐ. విషయం. పిన్ నంబరు కొడితేగాని సొమ్ము కదలదు గనుక ఇక్కడ భయం లేదని డీలర్లు అనుకొంటారు. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. పంపుసెట్ల డీలరుకు ఎవరో ఫోను చేసి మోటారు కావాలంటాడు. సొమ్ము వెంటనే వస్తుంది. ఆటో వచ్చి మోటారు ఎక్కించుకుపోతుంది. ఆ సొమ్ము వేరే రాష్ట్రంలో మోసపోయిన ఒక వృద్ధుని ఖాతా నుండి వచ్చినదని డీలరుకు తెలియదు. ఆ వృద్ధుడు 1930 నంబరుకు ఫిర్యాదు చేస్తాడు. సొమ్ము జాడ డీలరు ఖాతా దగ్గర ఆగుతుంది, ఖాతా స్తంభించిపోతుంది. ఖరీఫ్ ముమ్మరంలో ఈ విధంగా జరిగితే కంపెనీకి చెల్లింపు ఆగుతుంది, రుణవాయిదా తప్పుతుంది.

అట్టి సమయంలో శాఖకు వచ్చి మూడు వివరాలు వ్రాతపూర్వకంగా అడగండి: ఫిర్యాదు సంఖ్య, ఆదేశించిన పోలీసు స్టేషను, వివాదంలో ఉన్న మొత్తం. బ్యాంకు తనంతట తాను ఆ ఆదేశాన్ని ఎత్తివేయలేదని గ్రహించండి. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో ఈ అధికారం 106వ సెక్షను కింద పోలీసులకు ఉంది. ఇన్వాయిస్, దానిపై వ్రాసిన మోటారు సీరియల్ నంబరు, స్టాకు రిజిస్టరు పుట, ఆటో నంబరు, డ్రైవరు ఫోను నంబరు జతపరచి దర్యాప్తు అధికారికి పంపండి. ఎరువుల డీలర్లకు ఒక సౌలభ్యముంది. సబ్సిడీ ఎరువు కొన్నవాని వివరం పి.ఓ.ఎస్. యంత్రంలోనే ఉంటుంది. ఖాతా మొత్తాన్ని కాక వివాదపు మొత్తాన్ని మాత్రమే ఆపవలసిందిగా కోరండి. 2023లో కేరళ హైకోర్టు కూడ ఒక కేసులో స్తంభనను ఆ మొత్తానికే పరిమితం చేయమన్నది. పోలీసుల వద్ద పని కానిచో న్యాయవాది ద్వారా మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చును. శాఖకు ఇచ్చిన ఫిర్యాదుకు 30 రోజులలో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు. 14448 నంబరులో వివరాలు చెబుతారు.

క్యూ.ఆర్. కోడుకు వచ్చే వసూళ్ళకు ఒక ఖాతా, రుణం ఉన్న ఖాతా మరొకటిగా ఉంటే ఇట్టి చిక్కు ఒకచోటనే ఆగుతుంది. అయితే అమ్మకపు పైకమంతా క్యాష్ క్రెడిట్ ఖాతాలోనే జమ కావాలని మీ ఒప్పందంలో షరతు ఉండవచ్చును. కొత్త ఖాతా తెరిచే ముందు ఆ పత్రం వెంట తెచ్చుకొని శాఖాధికారితో మాట్లాడండి. ఖాతా ఇప్పటికే స్తంభించి ఉంటే, వాయిదా తేదీకి ముందే, తరువాత కాదు, పోలీసు ఫిర్యాదు సంఖ్యతో సహా శాఖకు ఉత్తరమిచ్చి రసీదు తీసుకోండి.