ఉన్నత పాఠశాలలో క్రమశిక్షణ – దండన నుంచి విచారణ వైపు: దుగ్గిరాల ప్రాంత నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

పాఠశాలలో శారీరక దండనను చట్టం నిషేధించింది. అయితే విద్యార్థి తప్పు చేసినప్పుడు పాఠశాల అనుసరించవలసిన క్రమం ఏమిటనే ప్రశ్నకు నిషేధం ఒక్కటే సమాధానం కాదు. దండనకు సంబంధించిన చట్టాలను, వాటి పరిధులను వివరించి, తొమ్మిది, పది తరగతుల విద్యార్థులకు బడిలో స్థానం కోల్పోకుండా ఉండే రక్షణ బలహీనంగా ఉందని చూపడం, ఆ లోటును పాఠశాల స్థాయి విచారణ పద్ధతి ఎలా పూరించగలదో చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: క్రమశిక్షణ, శారీరక దండన, విద్యాహక్కు చట్టం, ఉన్నత పాఠశాల, సహజ న్యాయం, బదిలీ పత్రం.

1. ఉపోద్ఘాతం

గుంటూరు జిల్లాలోని దుగ్గిరాల, విజయవాడ – తెనాలి రైలుమార్గంలో ఉన్న మండల కేంద్రం. పసుపు మార్కెట్ యార్డుకు ప్రసిద్ధి. పసుపు తవ్వకం, ఉడకబెట్టడం, ఆరబెట్టడం వంటి పనులు సంక్రాంతి మొదలు వేసవి ఆరంభం వరకు సాగుతాయి. పదో తరగతి పరీక్షలు సాధారణంగా మార్చి నెలలో జరుగుతాయి. అంటే బడికి ప్రతిరోజూ రావలసిన కాలం, ఇంట్లో మనిషి అవసరం ఎక్కువగా ఉండే కాలం ఒక్కటే. ఇటువంటి చోట పదిహేనేళ్ల విద్యార్థి వారం రోజులు బడికి రాకపోతే దానిని క్రమశిక్షణ లోపంగా భావించాలా, కుటుంబ పరిస్థితిగా గుర్తించాలా అన్నది తేలికగా తేలే విషయం కాదు. కారణం విచారించకుండా విధించే శిక్ష అతనిని బడికి మరింత దూరం చేయవచ్చు. క్రమశిక్షణకు సంబంధించిన చర్చ అంతా ఈ ‘విచారణ’ అనే మాట చుట్టూ తిరగవలసి ఉంది.

2. పూర్వపు బడులలో దండన

దండన తెలుగువారి బడికి కొత్తది కాదు. గోడకుర్చీ, గుంజీలు, తొడపాశం, కోదండం వంటి పదాలు మన భాషలో స్థిరపడిన తీరే ఇందుకు నిదర్శనం. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో దేశీయ విద్యపై జిల్లాల నుంచి సమాచారం కోరగా, బళ్లారి కలెక్టరు ఎ.డి. కాంప్‌బెల్ 1823లో సమర్పించిన నివేదికలో అప్పటి తెలుగు, కన్నడ బడుల వర్ణన ఉంది. ఉదయం అందరికంటే ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో గౌరవ చిహ్నంగా సరస్వతి పేరు రాసేవారని, రెండోవాడికి సున్న చుట్టేవారని, మూడోవాడి నుంచి ఒక్కొక్క దెబ్బ పెంచుతూ పోయేవారని ఆయన నమోదు చేశాడు. సోమరులైన పిల్లలను చేతులు కట్టి దూలానికి వేలాడదీయడం, ఆపకుండా గుంజీలు తీయించడం కూడా అందులో ఉన్నాయి.

ఈ పద్ధతిలో రెండు లక్షణాలు గమనించదగినవి. మొదటిది, ఎంత ఆలస్యానికి ఎన్ని దెబ్బలో పిల్లలందరికీ ముందే తెలుసు. రెండవది, ఎందుకు ఆలస్యమైందని అడిగే ఏర్పాటు ఆ లెక్కలో కనిపించదు. నేటి పాఠశాల వదిలిపెట్టవలసింది దెబ్బను, నిలుపుకోవలసింది ముందే తెలియజేసిన నియమాన్ని, కొత్తగా చేర్చుకోవలసింది కారణం అడిగే పద్ధతిని.

3. దండనపై నిషేధం: చట్టాల క్రమం

ఢిల్లీ పాఠశాల విద్యా నియమాలలో బెత్తపు దెబ్బలకు అనుమతినిచ్చిన నిబంధనను ఢిల్లీ హైకోర్టు 2000 డిసెంబరులో కొట్టివేసింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2002 ఫిబ్రవరి 18న జారీ చేసిన 16వ నంబరు ఉత్తర్వుతో, 1966 నాటి విద్యా నిబంధనలలోని 122వ నిబంధనను మార్చి, విద్యాసంస్థలలో శారీరక దండనను నిషేధించింది. కేంద్ర విద్యాహక్కు చట్టం రావడానికి ఏడేళ్ల ముందే రాష్ట్రంలో ఈ నిషేధం ఉందన్నది గమనార్హం.

2009 నాటి విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ శారీరక దండనతోపాటు మానసిక వేధింపును కూడా నిషేధించింది. ఉల్లంఘించినవారిపై సర్వీసు నిబంధనల ప్రకారం చర్య ఉంటుంది. జాతీయ బాలల హక్కుల పరిరక్షణ సంఘం మార్గదర్శకాలు ఈ మాటల పరిధిని విశదం చేశాయి. బెంచీ ఎక్కించడం, గోడకుర్చీ వేయించడం, మోకాళ్లపై నిలబెట్టడం, గదిలో నిర్బంధించడం శారీరక దండన కిందికి వస్తాయి. కులాన్ని, తల్లిదండ్రుల వృత్తిని ఎత్తిచూపి హేళన చేయడం మానసిక వేధింపు అవుతుంది. 2015 నాటి బాలల న్యాయ చట్టంలోని 75వ సెక్షన్, తమ సంరక్షణలో ఉన్న పద్దెనిమిదేళ్లలోపు వారిపై క్రూరత్వాన్ని నేరంగా పరిగణిస్తుంది. అదే చట్టంలోని 82వ సెక్షన్‌ను పాఠశాలలకు అన్వయించి చెప్పడం తరచుగా జరుగుతుంది కాని, అది బాలల సంరక్షణ సంస్థలకు ఉద్దేశించినది.

నిషేధం ఇంత స్పష్టంగా ఉన్నా ఉపాధ్యాయుల ఇబ్బంది కల్పితం కాదు. 2025 మార్చిలో విజయనగరం జిల్లాలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడు, విద్యార్థులను దారిలో పెట్టలేకపోతున్నానంటూ వారి ముందే గుంజీలు తీయడం రాష్ట్రమంతటా చర్చకు వచ్చింది. దండించకూడదని తెలిసి, ఏమి చేయాలో తెలియని స్థితికి ఆ దృశ్యం ఉదాహరణ.

4. పద్నాలుగేళ్ల గీత

విద్యాహక్కు చట్టంలోని 16వ సెక్షన్ ప్రకారం ఎలిమెంటరీ విద్య పూర్తయ్యే వరకు ఏ బాలుడినీ, బాలికనూ బడి నుంచి బహిష్కరించకూడదు. 2019 సవరణ 5, 8 తరగతులలో పరీక్ష తప్పినవారిని అదే తరగతిలో నిలిపివేసే అవకాశం ఇచ్చింది కాని, బహిష్కరణపై నిషేధాన్ని అలాగే ఉంచింది. అయితే ఆ చట్టం వర్తించేది ఆరు నుంచి పద్నాలుగేళ్ల వారికి, ఎనిమిదో తరగతి వరకు. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలలో సాధారణంగా ఆరు నుంచి పది వరకు తరగతులు ఉంటాయి. ఒకే ప్రాంగణంలో, ఒకే తప్పుకు, ఎనిమిదో తరగతి విద్యార్థికి ఉన్న రక్షణ తొమ్మిదో తరగతి విద్యార్థికి ఈ చట్టం ద్వారా లభించదు.

ఇదే వయసు దగ్గర మరొక గీత కూడా ఉంది. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం పద్నాలుగేళ్లలోపు వారిని పనిలో పెట్టుకోవడాన్ని కొద్ది మినహాయింపులతో నిషేధించింది. పద్నాలుగు నుంచి పద్దెనిమిదేళ్ల వారిని ప్రమాదకరమైన పనులకే నిషేధించింది. బడి బయటికి పంపే వీలు, పని లోపలికి తీసుకునే వీలు ఒకే వయసులో ఎదురవుతున్నాయి. కాబట్టి తొమ్మిదో తరగతిలో ‘టి.సి. తీసుకొని వెళ్లండి’ అన్న మాట హెచ్చరికగా పలికినదైనా, కూలి కుటుంబం దానిని చదువు ముగిసిందన్న తీర్పుగా స్వీకరించే ప్రమాదం ఉంది. అటువంటి నిష్క్రమణ రికార్డులో శిక్షగా కాక తల్లిదండ్రుల కోరికగా నమోదైతే, దానిపై ప్రశ్న అడగడానికి కూడా ఆధారం మిగలదు.

ఆడపిల్లల విషయంలో ప్రమాదం మరొక రూపంలో ఉంటుంది. ఫోను దొరికిందనో, ఉత్తరం దొరికిందనో ఇంటికి కబురు పంపితే చదువు మాన్పించి పెళ్లి చేసే ఆలోచన చేసే కుటుంబాలు ఉన్నాయి. పాఠశాల ఆ శిక్షను విధించలేదు కాని, కబురు చెప్పిన తీరు అందుకు దారి తీయవచ్చు. తల్లిదండ్రులకు ఏమి చెప్పాలి, ఎవరి సమక్షంలో చెప్పాలి, ఆ తరువాత అమ్మాయి బడికి వస్తున్నదో లేదో ఎవరు చూడాలి అన్నవి కూడా క్రమశిక్షణలో భాగాలే.

5. తప్పు, నేరం – భేదం

ఉన్నత పాఠశాలలో ఎదురయ్యే ప్రవర్తనా సమస్యలను మూడు తరగతులుగా విభజించవచ్చు. ఆలస్యం, గైర్హాజరు, యూనిఫాం లేకపోవడం వంటివి మొదటి తరగతి. వీటి వెనుక తరచుగా ఇంటి పరిస్థితి ఉంటుంది. తరగతిలో ఫోను వాడడం, పరీక్షలో చూసిరాయడం, ఆస్తికి నష్టం కలిగించడం, తోటివారిని ఏడిపించడం, కొట్లాట రెండవ తరగతి. లైంగిక వేధింపు, తీవ్రమైన గాయం, మత్తుపదార్థాల వంటివి మూడవ తరగతి.

మూడవ తరగతి విషయాలను బడిలోనే సర్దుబాటు చేసే అధికారం పాఠశాలకు లేదు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం లైంగిక నేరం గురించి తెలిసినవారు పోలీసులకు తెలియజేయాలి. తెలియజేయని సంస్థాధిపతి శిక్షార్హుడు. ఆరోపణ ఎదుర్కొంటున్నది కూడా పద్దెనిమిదేళ్లలోపు బాలుడే అయితే విచారించవలసింది బాలల న్యాయమండలి. అలాగే విద్యార్థి జేబులో గుట్కా దొరికినప్పుడు అమ్మినవాడిని విస్మరించడం సగం విచారణే అవుతుంది. 2003 నాటి పొగాకు నియంత్రణ చట్టం విద్యాసంస్థలకు నూరు గజాల లోపు పొగాకు ఉత్పత్తుల అమ్మకాన్ని నిషేధించింది.

6. విచారణకు ఒక నమూనా

పాఠశాల నియమానికీ విద్యార్థి హక్కుకూ మధ్య ఘర్షణ వచ్చినప్పుడు 1986లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మార్గదర్శకం. కేరళలో ముగ్గురు తోబుట్టువులు జాతీయగీతం ఆలపిస్తున్నప్పుడు గౌరవంగా నిలబడినా, మతవిశ్వాసం కారణంగా గొంతు కలపలేదు. పాఠశాల వారిని బహిష్కరించింది. తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి రాసిన ఆ తీర్పు వారిని తిరిగి చేర్చుకోవాలని ఆదేశించింది. చట్టబలం లేని శాఖాపరమైన సర్క్యులర్లతో ప్రాథమిక హక్కును తగ్గించలేరని స్పష్టం చేసింది. భారతదేశం 1992లో అంగీకరించిన ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక కూడా, పాఠశాల క్రమశిక్షణ బాలల గౌరవానికి అనుగుణంగా ఉండాలని, తమకు సంబంధించిన విషయాలలో వారి మాట వినాలని చెబుతుంది.

ఈ సూత్రాలను ఒక మండల కేంద్రంలోని పాఠశాల పెద్ద ఖర్చు లేకుండా ఆచరించవచ్చు. నియమాలు విద్యాసంవత్సరం మొదట్లోనే తేలిక తెలుగులో గోడపై ఉండాలి. చదువురాని తల్లిదండ్రులకు వాటిని చదివి వినిపించాలి. ఆరోపణ ఏమిటో విద్యార్థికి చెప్పి, అతని సమాధానం రాసుకున్న తరువాతే నిర్ణయం జరగాలి. ఫిర్యాదు చేసిన ఉపాధ్యాయుడే నిర్ణేత కాకూడదు. పర్యవసానం తప్పుతో పొంతన కలిగి ఉండాలి. గోడ పాడుచేసినవాడు దానికి సున్నం వేయవచ్చు, తీసుకున్న ఫోనును తల్లిదండ్రులకు అప్పగించి సంతకం తీసుకోవచ్చు, వరుసగా రానివారి ఇంటికి ఉపాధ్యాయుడు వెళ్లవచ్చు. వేధింపుకు గురైన విద్యార్థి భద్రతను మాత్రం విచారణ పూర్తయ్యే వరకు వాయిదా వేయకూడదు. తొమ్మిది, పది తరగతులలో ఏ విద్యార్థికైనా బదిలీ పత్రం ఇచ్చే ముందు అసలు కారణాన్ని పాఠశాల యాజమాన్య కమిటీ ముందు నమోదు చేస్తే, చట్టం వదిలిన ఖాళీ కొంత పూడుతుంది.

ఇందుకు వేదికలు లేకపోలేదు. 2024 డిసెంబరు 7న రాష్ట్రవ్యాప్తంగా నిర్వహించిన తల్లిదండ్రులు, ఉపాధ్యాయుల మెగా సమావేశాల సందర్భంగా ముఖ్యమంత్రి పాల్గొన్నది ఈ ప్రాంతానికి చెందిన బాపట్లలోనే. మార్కుల పత్రంతోపాటు ప్రవర్తనా నియమాలను కూడా అటువంటి సమావేశాలలో చర్చకు పెట్టవచ్చు.

7. ముగింపు

శారీరక దండన నిషేధం విద్యార్థి దేహాన్ని కాపాడింది. బడిలో అతని స్థానాన్ని కాపాడే బాధ్యత ఎనిమిదో తరగతి దాటిన తరువాత ఎక్కువగా పాఠశాల విచక్షణపై ఆధారపడి ఉంది. ఆ విచక్షణ వ్యక్తుల కోపతాపాలపై కాక, ముందే తెలిపిన నియమం, విన్న సమాధానం, రాసిపెట్టిన నిర్ణయం అనే మూడింటిపై నిలబడినప్పుడు ఉపాధ్యాయుడికీ నిందల నుంచి రక్షణ లభిస్తుంది. పసుపు పనుల రోజులలో హాజరుపట్టీలో ఖాళీగా మిగిలిన గడిని చూసి పేరు కొట్టివేయాలా, ఇంటికి వెళ్లి అడగాలా అన్న నిర్ణయం ఒక విద్యార్థి పదో తరగతి పూర్తి చేస్తాడా లేదా అన్నదానిని నిర్ణయించగలదు.