పల్లీలు పడవా? టికెట్‌ కొనేటప్పుడే చెప్పండి

వేసవి సెలవులు దగ్గరపడగానే గచ్చిబౌలి అపార్టుమెంట్లలో అమెరికా ప్రయాణాల హడావుడి మొదలవుతుంది. పాస్‌పోర్టులు, వీసాలు, తూకం వేసిన సూట్‌కేసులు అన్నీ సిద్ధం. పల్లీలో, నువ్వులో, జీడిపప్పో పడని పిల్లలుంటే మాత్రం సర్దుకోవాల్సింది ఇంకా ఉంది. శంషాబాద్‌లో ఎక్కి, దుబాయ్‌లోనో దోహాలోనో మారి, అక్కడ దిగేసరికి దాదాపు ఒక రోజు. ఆకాశంలో 108 రాదు.

వెజిటేరియన్‌ మీల్‌ బుక్‌ చేశాం కదా అని చాలామంది ధీమాగా ఉంటారు. అది శాకాహారమే తప్ప అలర్జీ భోజనం కాదు. పనీర్‌ కూరలో చిక్కదనం జీడిపప్పు ముద్దదే కావచ్చు. గ్లూటెన్‌ లేని భోజనం చాలా ఎయిర్‌లైన్స్‌ ఇస్తాయి. కనీసం 24 గంటల ముందు అడగాలి, కొన్నింటికి ఇంకా ముందే. గింజల జాడే ఉండదని మాత్రం సాధారణంగా హామీ ఇవ్వవు. వేల భోజనాలు ఒకేచోట వండుతారు మరి! పల్లీలు వేయని పులిహోర, చపాతీలు వెంట ఉంటే నిశ్చింత.

పక్క సీట్లో ఎవరో పల్లీలు తింటే? గాలి కంటే చేతులకు అంటుకున్నదే ఎక్కువ ప్రమాదం. ట్రే, సీటు చేతులు తడి వైప్స్‌తో తుడవండి. శానిటైజర్‌ పల్లీ ప్రొటీన్‌ను తొలగించదు, సబ్బుతో కడగాలి. తుడుచుకోవడానికి ముందుగా ఎక్కనివ్వమని అడగొచ్చు. తీవ్ర అలర్జీ ఉన్నవారికి ఆ అవకాశం ఇవ్వాలని అమెరికా రవాణా శాఖ 2019లోనే తేల్చింది.

విమానాశ్రయంలో కొనే తిండితోనూ జాగ్రత్త. 2016లో లండన్‌ నుంచి ఫ్రాన్స్‌ వెళ్తున్న పదిహేనేళ్ల నటాషా ఎడ్నన్‌-లాపెరూజ్‌, ఎయిర్‌పోర్టులో కొన్న శాండ్‌విచ్‌ తిని ప్రాణం కోల్పోయింది. రొట్టె పిండిలో కలిసిన నువ్వుల సంగతి లేబుల్‌ మీద లేదు. విమానంలో రెండు అడ్రినలిన్‌ ఇంజెక్షన్లు ఇచ్చినా దక్కలేదు. ఆమె పేరుతోనే 2021 అక్టోబరులో బ్రిటన్‌లో లేబుల్‌ చట్టం వచ్చింది.

దద్దుర్లతో పాటు గొంతు బిగుసుకోవడం, పిల్లికూతలు, వాంతులు, కళ్లు తిరగడం కనిపిస్తే అది అనాఫిలాక్సిస్‌. అలర్జీ మాత్ర వేసి చూద్దామనుకోవద్దు. తొడ బయటి వైపు అడ్రినలిన్‌ ఇవ్వాల్సిందే. ఆటో ఇంజెక్టర్లు మన మందుల షాపుల్లో అంత సులువుగా దొరకవు కాబట్టి, ప్రయాణానికి కొన్ని వారాల ముందే డాక్టర్‌ను కలవండి. రెండు డోసులు ఉండాలి. సెక్యూరిటీలో చూపించడానికి ఇంగ్లిష్‌లో డాక్టర్‌ లెటర్‌ తీసుకోండి. మందు చెక్‌-ఇన్‌ సూట్‌కేసులో వద్దు, తల మీది అరలోనూ వద్దు. సీటు కింద పెట్టే చిన్న సంచిలో, అమ్మమ్మకూ తాతయ్యకూ తెలిసేలా ఉంచండి.