తల్లికోసం ఒక పండు

1908 ఆగస్టులో బెల్‌ఫాస్ట్ నగరంలో ఒక తల్లి కాన్సర్ వ్యాధితో కన్నుమూసింది. ఆమె చిన్న కుమారుడికి అప్పుడు తొమ్మిదేళ్లు. తల్లిని బతికించమని దేవుణ్ణి వేడుకున్నాడు, ప్రార్థన ఫలించలేదు.

ఆ బాలుడే సి. ఎస్. లూయిస్. 1950 నుంచి 1956 వరకు ఏడు నవలలుగా వెలువడిన 'నార్నియా' గాథల కర్త. పిల్లలు బట్టల బీరువాలో దూరి మంచు కప్పిన అడవిలోకి అడుగుపెట్టే మొదటి నవల జగత్ప్రసిద్ధం. కాని అంతకన్నా హృదయాన్ని కదిలించే ఘట్టం 1955లో వచ్చిన 'ది మెజీషియన్స్ నెఫ్యూ'లో ఉంది.

అందులో డిగరీ అనే బాలుడి తల్లి లండన్‌లో మరణశయ్యపై ఉంటుంది. నార్నియాను సృష్టించిన సింహం అస్లాన్ ఆజ్ఞపై అతడొక తోటకు వెళ్లి మహిమగల పండు కోస్తాడు. దానిని నేరుగా తల్లికి తీసుకుపొమ్మని మంత్రగత్తె అతణ్ణి ప్రేరేపిస్తుంది. పసివాడికి ఇంత కఠిన పరీక్షా అని మనకు అనిపించక మానదు! డిగరీ కన్నీళ్లు దిగమింగుకుని, ఇచ్చిన మాట ప్రకారం పండును అస్లాన్‌కే అప్పగిస్తాడు.

ఆ పండునుంచి మొలిచిన చెట్టు పండునే అస్లాన్ అతడి తల్లికోసం ఇస్తాడు. ఆమె కోలుకుంటుంది. లూయిస్ తన తల్లికి దక్కని ఆయువును కథలోని తల్లికి ఇచ్చాడు.

ఆమె తినగా మిగిలిన గింజలభాగాన్ని డిగరీ పెరటిలో పాతిపెడతాడు. అక్కడ పెరిగిన వృక్షం ఏళ్ల తర్వాత తుపానుగాలికి కూలుతుంది. మొదటి నవలలోని బీరువా ఆ చెక్కతో చేయించినదే.