చమురు ముల్లును, ఇంజను తట్టుడును

మన వసతిగృహపు పాత అంబాసడరు కారును ఎరుగని విద్యార్థి లేడు. వాన కురిసిన ఉదయమున దానిని వెనుకనుండి త్రోయని పెద్ద తరగతి బాలుడును అరుదు. ఈ జాతి కార్లను పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ వారు 2014 వరకు తయారుచేసిరి. మన కారులోని 1489 ఘనసెంటీమీటర్ల పెట్రోలు ఇంజనుకు మూలము ఇంగ్లాండులోని బి.ఎం.సి. వారి రూపకల్పన. పూర్వపు యజమాని ఎవరో చోదకుని యెదుట చమురు పీడనమును చూపు గడియారమొకటి అదనముగా అమర్చియుండెను. మా కథ దానితోనే ఆరంభమగుచున్నది.

గత సంవత్సరము జ్వరముతోనున్న బాలునొకనిని గుంటూరు ఆసుపత్రికి తీసికొనిపోవుచుంటిమి. సత్తెనపల్లి దాటిన కొంతసేపటికి ఆ గడియారపు ముల్లు హఠాత్తుగా సున్న మీదికి పడిపోయెను. "మాస్టరుగారూ, ముల్లు పడిపోయిందండి. ఆపమంటారా, పోనిమ్మంటారా?" అని డ్రైవరు అడిగెను. ప్రక్కను మూలుగుచున్న బిడ్డ. ఇంజనులో ఏ వింత చప్పుడును లేదు. అయినను ఆపుమంటిమి. వెనుక వచ్చిన బస్సులో బాలునితో మేము పోయితిమి. (బాలుడు నాలుగవ దినమున క్షేమముగా తిరిగి వచ్చెను.) డ్రైవరు కారు వద్ద ఉండిపోయెను.

ఎందుకు ఆపవలెనో చెప్పెదము. ఇంజనులో క్రాంకుషాఫ్టు అను ఇరుసు బేరింగులలో తిరుగును. ఇరుసునకును బేరింగునకును నడుమనుండు సందు అంగుళములో వెయ్యవవంతులు ఒకటి రెండు మాత్రమే. తలవెంట్రుక మందము కంటె తక్కువ. ఆ సందులో చమురు పొర నిలిచియున్నంతకాలము లోహము లోహమును తాకదు. పొర తెగినచో కొద్ది నిమిషములలోనే బేరింగు కరగి పట్టుకొనిపోవచ్చును.

పంపు పీడనమును పుట్టించునని పలువురు తలంతురు. పంపు పని చమురును తోయుట మాత్రమే. పీడనము అడ్డువలన కలుగును. కుళాయి గొట్టము నోటికి వ్రేలు అడ్డము పెట్టినప్పుడు నీరు చిమ్మును గదా! ఊరి నీటిగొట్టము నడిమి వీధిలో పగిలినచో చివరి ఇండ్లకు నీరు ఎక్కదు. అట్లే అరిగిన బేరింగు వద్ద సందు పెరిగినచో చమురు అడ్డులేక జారిపోవును, ముల్లు దిగును. చమురు వేడికి పలుచనయగుటచేత వేడెక్కిన ఇంజను మెల్లగా తిరుగునప్పుడు ముల్లు ఎప్పుడును క్రిందనే యుండును. ఈ ఇంజనుకు పరుగులో చదరపు అంగుళమునకు సుమారు 50 పౌనులు, నిలుకడలో 15 పౌనులు చాలును.

కారును లాగించి ఒక మరమ్మతుశాలకు చేర్చితిమి. అచ్చటివారు గడియారమును చూచినంతనే ఇంజను మొత్తము విప్పవలెననిరి. వారు చెప్పిన సొమ్ము వసతిగృహమునకు రెండు నెలల బియ్యపు ఖర్చు. ఒక్క దినము గడువడిగితిమి.

సాక్ష్యము ఒక్కటే యున్నప్పుడు తీర్పు చెప్పుట తగదని మా అభిప్రాయము. ఈ కారులో రెండవ సాక్షి యున్నది. అది చమురు హెచ్చరిక దీపము. త్రోవలో ముల్లు పడినను దీపము వెలుగలేదని డ్రైవరు చెప్పెను. దీపమే మాడిపోయెనేమో! ఇంజను నడపక తాళముచెవి మాత్రము త్రిప్పి చూచితిమి; వెలిగినది. కనుక దీపము మంచిది. అయితే పీడనము మిక్కిలి పడిపోయిననే గాని దీపము వెలుగదు, కావున అది చాలిన ఋజువు కాదు.

గడియారమునకు ఇంజను నుండి సన్నని రాగి గొట్టమొకటి పోవును. గడియారము లోపల వంపు తిరిగిన చదును గొట్టముండును. పీడనము ఎక్కినకొలది అది విచ్చుకొని ముల్లును త్రిప్పును. ఫ్రాన్సు దేశస్థుడైన యూజీన్ బూర్డన్ 1849లో ఈ యుక్తికి పేటెంటు పొందెను. మేము ముందుగా గడియారము వద్ద గొట్టమును విప్పి, సీసా పట్టి, ఇంజనును స్టార్టరుతో కొద్దిగా త్రిప్పించితిమి. చుక్కయైన రాలేదు. తరువాత ఇంజను వద్దనే విప్పి త్రిప్పించగా చమురు చిమ్మి మా చొక్కా పాడయ్యెను. అనగా పంపు నిర్దోషి. గొట్టములో గట్టిపడిన మడ్డియే దోషి. క్రొత్త గొట్టము వేసినంతనే ముల్లు లేచినది. గడియారమునకు బదులు విద్యుత్తుతో పనిచేయు సెండరు గల కార్లలో, సెండరును తీసి ఆ రంధ్రమునకు నమ్మకమైన వేరొక గడియారమును బిగించి చూడవలెను.

రెండవ వ్యవహారములో మా ప్రవర్తన ఇంత మెచ్చదగినది కాదు. వేసవి సెలవులకు ముందు ఇంజనులో టకటక వినబడజొచ్చెను. అది పెట్రోలు తట్టుడని మేము వెంటనే నిశ్చయించితిమి. పెట్రోలు ఆవిరి నిప్పురవ్వతో వరుసగా కాలక ఒక్కసారిగా ప్రేలుటచేత వచ్చు గలగల అది. ఎత్తు ఎక్కునప్పుడు, భారముతో లాగునప్పుడు వినబడును. దీనిని తగ్గించుటకే 1921లో అమెరికాలో థామస్ మిడ్జ్‌లీ పెట్రోలులో సీసపు పదార్థమును కలుపు మార్గము కనిపెట్టెను. సీసము విషమగుటచేత మన దేశములో 2000వ సంవత్సరమునుండి ఆ పెట్రోలును మానివేసిరి. ఇట్లు మాకు తెలిసినదంతయు డ్రైవరునకు ఉపన్యసించి, ఖరీదైన పెట్రోలు పోయించి, నిప్పురవ్వ కొంచెము ఆలస్యముగా పడునట్లు డిస్ట్రిబ్యూటరును త్రిప్పించితిమి. చప్పుడు తగ్గలేదు. రెండు వారములు అట్లే నడిపితిమి.

డ్రైవరే ఒకనాడు, "ఎత్తులో కాదండి, కాలు తీసేసినప్పుడే ఎక్కువ కొడుతోంది" అనెను. ఈ మాటతో మా కన్నులు తెరచుకొనెను. పెట్రోలు తట్టుడు కాలు తీసినంతనే ఆగవలెను. కాలు తీసినప్పుడు హెచ్చు చప్పుడు కనెక్టింగు రాడ్డు బేరింగుది. క్రాంకుషాఫ్టు నడిమి బేరింగు అరిగినచో లాగునప్పుడు లోతుగా, గుంభనముగా మ్రోగును. పిస్టను వదులైనచో చల్లని ఇంజనులో చప్పుడు చేసి వేడెక్కినకొలది తగ్గును. టాపెట్లది కుట్టుమిషను వంటి తేలిక చప్పుడు, దానికి భయపడనక్కరలేదు.

ముల్లును చూడగా నిలుకడలో 8 మీద నున్నది. ఈ మారు గొట్టము మంచిదే. చమురు తగ్గెనేమోయని డిప్‌స్టిక్కు తీసి చూడగా ఆశ్చర్యము! ఎవరును పోయకుండ మట్టము పైగీతను దాటి పెరిగియున్నది. వాసన చూడగా పెట్రోలు. ఇంజను ప్రక్కనుండు పెట్రోలు పంపులోని పొర చినిగి, పెట్రోలు చమురులోనికి కారి దానిని పలుచన చేసినది. పంపును, చమురును మార్చగా ముల్లు 13 వరకు ఎక్కెను గాని తట్టుడు పోలేదు.

ఏ సిలిండరో తెలిసికొనుటకు ఇంజను మెల్లగా తిరుగుచుండగా, రబ్బరు పిడిగల పట్టుకారుతో ప్లగ్గు తీగెలను ఒక్కొక్కటిగా తీసి ఇంజను లోహమునకు ఆనించితిమి. (ఎలెక్ట్రానిక్ ఇగ్నిషను గల కార్లకు ఇట్లు చేయరాదు.) మూడవ తీగె తీసినప్పుడు తట్టుడు దాదాపు అణగినది. క్రింది సంపును విప్పి చూడగా మూడవ రాడ్డు బేరింగు షెల్లు పై పూత చెరగి రాగిరంగు కనబడెను. ఇరుసు మీద గోటికి తగులు గీతలు లేవు. ఇంకొక వారము మా ఉపన్యాసముతోనే నడిపియుండినచో ఇరుసును సానపట్టవలసియుండెడిది. నాలుగు రాడ్లకును క్రొత్త షెల్లులు వేయించితిమి. ఖర్చు మొదట మరమ్మతుశాలవారు చెప్పినదానిలో నాలుగవ వంతునకు లోపలనే ముగిసెను.

ఇప్పుడు వేడెక్కిన ఇంజను నిలుకడలో ముల్లు 18 వద్ద నిలుచుచున్నది. డ్రైవరు ప్రతి సోమవారమును ఆ అంకెను, డిప్‌స్టిక్కు మట్టమును కారులోని చిన్న పుస్తకములో వ్రాయుచున్నాడు. తొమ్మిదవ తరగతి విద్యార్థులలో కోరినవారు ఆ పుస్తకమును చూడవచ్చును.