‘రివర్ట్’ అంటే జవాబివ్వడమేనా?



ఆఫీసు మెయిళ్లలో, బ్యాంకు నుంచి వచ్చే మెసేజ్‌లలో, అప్పుడప్పుడు స్కూల్ డైరీలో కూడా ‘కైండ్లీ రివర్ట్’ అనే మాట మీరు చూసే ఉంటారు. రాసినవాళ్లు ‘దయచేసి జవాబివ్వండి’ అనే ఉద్దేశంతో రాస్తారు, మనమూ అలాగే అర్థం చేసుకుంటాం. మన దేశంలో పని జరిగిపోతుంది. కానీ ఇదే మాటను మీ పెద్దబ్బాయి లండన్‌లోని యూనివర్సిటీకి రాశాడనుకోండి. అక్కడ మెయిల్ చదివే మనిషి ఒక్క క్షణం ఆగి, ‘దేనికి తిరిగి వెళ్లమంటున్నాడు?’ అనుకోవచ్చు.

ఎందుకంటే ‘రివర్ట్’ అసలు అర్థం జవాబు కాదు, పాత స్థితికి తిరిగి వెళ్లడం. లాటిన్‌లో ‘వెర్టెరె’ అంటే తిరగడం, ‘రె’ అంటే వెనక్కి. ‘రివర్స్’, ‘కన్వర్ట్’ కూడా ఆ కుటుంబంలోవే. మన సీమలో దీనికి ఉదాహరణ వెతకనక్కర్లేదు. వానల్లేక ఐదారేళ్లు దున్నకుండా వదిలేసిన చేను కంపచెట్లతో నిండిపోతుంది కదా, దాన్ని ఇంగ్లీషులో ‘ది ఫీల్డ్ హాజ్ రివర్టెడ్ టు స్క్రబ్’ అంటారు. సిగరెట్ మానేసిన మనిషి మళ్లీ మొదలుపెడితే ‘హి రివర్టెడ్ టు హిజ్ ఓల్డ్ హ్యాబిట్’.

ప్రభుత్వ ఉద్యోగం చేసే తల్లిదండ్రులకు ఈ మాట ఇంకా బాగా తెలుసు. ప్రమోషన్ ఇచ్చినవాళ్లను మళ్లీ కింది పోస్టుకు పంపితే ‘రివర్ట్ చేశారు’ అంటారు, ఆ ఆర్డరును ‘రివర్షన్’ అంటారు. ఆ అర్థంలో చూస్తే ‘కైండ్లీ రివర్ట్’ అంత భయంకరమైన మర్యాద ఇంకొకటి ఉండదు!

మరి మనవాళ్లు జవాబుకు ఈ మాట ఎందుకు వాడటం మొదలుపెట్టి ఉంటారు? తెలుగువాళ్ల మటుకు నాకు తోచే కారణం ఒకటుంది. మనకు ‘తిరుగు’ అనే ఒక్క మాటే అన్నిటికీ సరిపోతుంది. చక్రం తిరుగుతుంది, తిరుగు ప్రయాణం చేస్తాం, తిరుగు టపాలో జవాబు రాస్తాం. జవాబు కూడా మనకు తిరిగి వచ్చేదే. కాబట్టి ‘రివర్ట్’ చెవికి సహజంగానే వినిపిస్తుంది. కొన్ని డిక్షనరీలు ఈ అర్థాన్ని కూడా చేర్చుకున్నాయి, పక్కన భారతీయ ఇంగ్లీషు అని గుర్తు పెట్టి. అందుకే దీన్ని పూర్తిగా తప్పు అనను. మన ఇంటి మాట అంటాను. బయటికి వెళ్లేటప్పుడు మాత్రం ‘రిప్లై’ వాడమని పిల్లలకు చెప్తాను.

ఇక ‘రిటర్న్’. పిల్లల నోటుబుక్కుల్లో నేను ఎక్కువగా ఎర్ర గీత పెట్టేది ‘రిటర్న్ బ్యాక్’ కింద. ‘రిటర్న్’లోనే వెనక్కి అనే అర్థం ఉంది, ‘బ్యాక్’ అక్కర్లేదు. ‘రివర్ట్ బ్యాక్’, ‘రిప్లై బ్యాక్’ కూడా అంతే. పిల్లలు అజాగ్రత్తగా రాసే తప్పు కాదిది. తెలుగులో మనం ‘తిరిగి వచ్చాడు’ అని రెండు మాటలు వాడతాం. వాళ్లు మనసులో ‘వచ్చాడు’కు ‘రిటర్న్‌డ్’, ‘తిరిగి’కి ‘బ్యాక్’ పెడతారు. ‘రెండు మాటలకూ కలిపి ఇంగ్లీషులో ఒక్క మాట చాలు’ అని చెప్తే వెంటనే పట్టుకుంటారు. రెండే కావాలంటే ‘కమ్ బ్యాక్’, ‘గో బ్యాక్’ ఉన్నాయి.

ఇంకో చిన్న సంగతి. ‘రిటర్న్‌డ్ టు స్కూల్’ సరే, ‘రిటర్న్‌డ్ టు హోమ్’ మాత్రం కాదు. ‘హోమ్’ ముందు ఇక్కడ ‘టు’ రాదు, ‘రిటర్న్‌డ్ హోమ్’ అంతే.

అన్నిటికంటే ముఖ్యం, ఆ తర్వాత వచ్చే ‘టు’, ‘ఫ్రమ్’. రాజంపేట, రాయచోటి వైపు కువైట్‌కు వెళ్లినవాళ్లు లేని ఊరు తక్కువ. తొమ్మిదో తరగతి పాప ఒకతె కాంపోజిషన్‌లో ‘మై ఫాదర్ రిటర్న్‌డ్ బ్యాక్ కువైట్ ఇన్ జూన్’ అని రాసింది. నాన్న ఇంట్లో ఉన్నాడా, కువైట్‌లో ఉన్నాడా? వాక్యంలో తెలియదు. అడిగితే, ‘వచ్చినాడు మేడమ్, ఇంట్లోనే ఉన్నాడు’ అంది. అయితే ‘ఫ్రమ్ కువైట్’ అని రాయాలి. ‘టు కువైట్’ అని రాస్తే సెలవు అయిపోయి వెళ్లిపోయాడని. కోసిగి, ఆదోని వైపు నుంచి గుంటూరు మిరప కోతలకు సుగ్గికి పోయే ఇళ్ల పిల్లలకూ ఇదే వర్తిస్తుంది. అమ్మానాన్న ‘ఫ్రమ్ గుంటూరు’ వస్తే పండగ, ‘టు గుంటూరు’ అయితే మళ్లీ అవ్వ దగ్గర ఉండాలి. పిల్లలకు ఈ రెండు చిన్న మాటలు గ్రామర్ పుస్తకం కంటే ఇలాంటి వాక్యాలతోనే బాగా గుర్తుంటాయి. ఇంట్లో మీరూ అడిగి చూడండి.

మనం ఇల్లు దాటేటప్పుడు ‘పోతాను’ అనం, ‘పోయొస్తా’ అంటాం. పోవడంలోనే తిరిగి రావడం కలిపి చెప్పే అలవాటు మనది. దాన్నే పిల్లలు ‘ఐ విల్ గో అండ్ కమ్’ అంటారు. ఇంగ్లీషులో ‘ఐ విల్ బి బ్యాక్ సూన్’ అంటే సరిపోతుంది.

ట్యాక్స్ కట్టే నాన్నలు, అమ్మలు అడిగే ప్రశ్న కూడా ఒకటుంది: డబ్బు తిరిగి రాకపోయినా దాన్ని ‘రిటర్న్’ అని ఎందుకంటారు? తిరిగి వచ్చే డబ్బు ‘రీఫండ్’. ‘రిటర్న్’ అంటే ప్రభుత్వం అడిగిన వివరాలు నింపి తిరిగి పంపే పత్రం. ఎన్నికల్లో ‘రిటర్నింగ్ ఆఫీసర్’ పేరు కూడా అలా వచ్చిందే. ఇంగ్లండులో ఎన్నిక జరపమని వచ్చిన ఆజ్ఞాపత్రం మీద గెలిచినవాళ్ల పేరు రాసి తిరిగి పంపే అధికారి అతను.

డైరీలో మాకు రాయాలనుకుంటే ‘ప్లీజ్ రిప్లై బై ఫ్రైడే’ చాలు. మీరు తర్వాత చెప్తామని రాయాలంటే ‘ఐ విల్ గెట్ బ్యాక్ టు యూ టుమారో’. తెలుగులో రాసినా సంతోషమే, జవాబు తెలుగులోనే ఇస్తాను. మీ ఆఫీసులో పైఅధికారి ‘కైండ్లీ రివర్ట్’ అని పంపితే మాత్రం ఈ పేజీ ఆయనకు చూపించకండి, ముందు జవాబు పంపేయండి.