అత్తమ్మ చూపిన మోదుగ

ఊరొదిలి మా ఫ్లాటుకొచ్చిన దగ్గర్నుంచీ మా అత్తమ్మ మాటలే తగ్గిపోయాయి. షుగరుంది, నడవాలన్నారు డాక్టరు. సరేనని హైదరాబాద్ జూబ్లీహిల్స్‌లోని కాసు బ్రహ్మానందరెడ్డి పార్కుకి తీసుకెళ్ళాను. 1998లో జాతీయ పార్కుగా ప్రకటించిన అడవి అది.

నేను గడియారం చూసుకుంటూ గబగబా నడుస్తున్నాను. వెనక్కి తిరిగితే ఆవిడ లేరు! గుండె గుభేలుమంది. పరుగున వెళ్తే ఓ చెట్టు ముందు నిలబడి ఉన్నారు.

"మోదుగ గదనే బిడ్డా! ఒక్క కాడకు మూడాకులు, సూడు!"

నేను బి.ఎస్సీ. బోటనీ! 'బ్యూటియా మోనోస్పెర్మా' అని రాసి మార్కులు తెచ్చుకున్నదాన్నే. ఎర్రటి పూలు లేకపోయేసరికి చెట్టునే పోల్చుకోలేకపోయాను.

"ఈ ఆకులతోటి ఇస్తార్లు కుట్టి అమ్మితేనే మీ ఆయన ఫీజు కట్టిన" అన్నారు మెల్లగా.

పెళ్ళయి పదిహేనేళ్ళు. ఈ మాట మావారు చెప్పలేదు, నేనూ అడగలేదు.

రాలిన ఆకొకటి తీసి కొంగున ముడేసుకోబోయి ఆగారు. "వద్దులే, ఇక్కడిది ఇక్కడనే ఉండాలె" అంటూ చెట్టు మొదట్లో పెట్టేశారు.

ఇప్పుడు రోజూ నాకో పాఠమే. తంగేడు, సీతాఫలం ఆకు చూసి చెప్పగలుగుతున్నాను. వానలు వెనకబడ్డాక నెమలి ఈకలు వాటంతటవే రాలిపోతాయనీ, మళ్ళీ కొత్తవి వస్తాయనీ ఆవిడే చెప్పారు.

షుగరు సంగతి డాక్టరు చూసుకుంటారు. మాటలు మాత్రం తిరిగొచ్చాయి. మీ ఇంట్లోనూ మౌనంగా కూర్చున్న పెద్దవాళ్ళున్నారా? ఓసారి చెట్ల మధ్యకి తీసుకెళ్ళండి. అయితే మీరు ముందు నడవకండి, వాళ్ళ వెనకే నడవండి!