చీని నాటే ముందు నేల అడుగు చూడాలి

అనంతపురం: ఉమ్మడి అనంతపురం జిల్లాలో కదిరి, ధర్మవరం, కల్యాణదుర్గం వైపు అత్యధికం ఎర్రనేలలే. తాడిపత్రి, యాడికి చేరేసరికి నల్లరేగడి కనిపిస్తుంది. జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి 550 మిల్లీమీటర్ల ప్రాంతమే. వాతావరణం దాదాపు ఒకటే అయినా నేలలు వేరు కావడానికి ప్రధాన కారణం అడుగునున్న శిల. గ్రానైటు, నైస్ రాళ్లు శిథిలమై ఎర్రనేల ఏర్పడింది. రాతిలోని ఇనుము గాలితో కలిసి తుప్పుగా మారినందువల్లే ఆ ఎరుపు. తాడిపత్రి వైపు సున్నపురాయి, పలకరాయి నల్లరేగడికి మూలం. ఆదిలాబాద్ రేగడికి మాత్రం బసాల్టు శిల ఆధారం.

రైతుకు రంగు కన్నా రేణువు ముఖ్యం. ఇసుక రేణువు 2 మిల్లీమీటర్ల వరకు ఉండగా, బంకమట్టి రేణువు 0.002 మిల్లీమీటర్ల కన్నా చిన్నది. ఇసుక పాలు ఎక్కువైన ఎర్రనేల నీటిని త్వరగా ఇంకించుకుంటుంది, అంతే త్వరగా కోల్పోతుంది. అందుకే పదిహేను రోజులు వాన మొహం చాటేస్తే వేరుశనగ వాడిపోతుంది. రేగడి ఎక్కువ తేమను పట్టి ఉంచుతుంది. అయితే ఎండితే నెర్రెలు విచ్చుతుంది, తడిస్తే ఉబ్బుతుంది. వేరుశనగ ఊడలు దిగడానికి, కాయ తెగకుండా పీకడానికి వదులైన ఎర్రనేలే అనువు.

అసలు చిక్కు పైకి కనిపించని పొరల్లో ఉంది. అధిక వర్షాలు కురిసే కేరళలో వాననీరు నేలలోని సున్నాన్ని కడిగివేస్తుంది. నేల పులిసిపోయి, అక్కడి రైతులు సున్నం కొని చల్లుకోవలసి వస్తుంది. ఇక్కడ అందుకు పూర్తిగా విరుద్ధం. కురిసిన కొద్దిపాటి వాన కొన్ని అడుగుల లోతు వరకే దిగి, ఆవిరైపోతూ సున్నాన్ని అక్కడే వదిలివేస్తుంది. ఏళ్ల తరబడి అది పేరుకుని సుద్ద పొరగా మారుతుంది.

ఏకవార్షిక పంటలకు ఈ పొర అంతగా అడ్డురాకపోవచ్చు. చీనికి మాత్రం ప్రాణాంతకమే. సున్నం అధికంగా ఉన్నచోట ఇనుము, జింకు మొక్కకు అందవు. ఈనెలు పచ్చగానే ఉండి ఆకు మధ్యభాగం పసుపు బారుతుంది. కాపు నాలుగైదేళ్లకు గానీ మొదలుకాదు. అంతదాకా బోరుకు, ఎరువులకు పెట్టుబడి పెట్టిన రైతు ఆ దశలో చెట్లు కొట్టివేయవలసి రావడం కన్నా నష్టం మరొకటి ఉండదు. నీరు నిలిచే బరువైన రేగడిలోనూ వేరుకుళ్లు, బంకతెగులు బెడద తప్పదు.

కాబట్టి తోట వేయదలచిన పొలంలో ఆరడుగుల గుంత తవ్వి గోడను పరిశీలించాలి. తెల్లని సుద్ద గడ్డలు కనిపించినచోట కొన్ని చుక్కల ఆమ్లం వేస్తే బుసబుస పొంగుతుంది. నేల గుణం తెలియాలంటే తడిమట్టిని వేళ్ల మధ్య నలిపి చూడాలి. రిబ్బనులా సాగితే బంకమట్టి, గరగరలాడుతూ విడిపోతే ఇసుక పాలు ఎక్కువ. సాధారణ పంటలకు పైనున్న 15 సెంటీమీటర్ల మట్టి నమూనా సరిపోతుంది గానీ, పండ్లతోటకు అది చాలదు. గుంత నుంచి అడుగుకొకటి చొప్పున విడివిడిగా మట్టి తీసి, ఏ లోతుదో చీటీ రాసి భూసార పరీక్ష కేంద్రానికి ఇవ్వాలి. గట్ల పక్కన, పెంటకుప్పలు వేసినచోట, చెట్ల నీడన తీసిన మట్టి పనికిరాదు.